ఎంజీబీ వైర్ వీల్స్ కి ఇంట్లోనే ఔట్ తీసుకోవడం ఎలా

వైర్ వీల్స్ (సైకిల్ లాగా స్పోకులతో కట్టిన చక్రాలు) ఉన్న పాత ఇంగ్లీషు కారు ఏదైనా సరే, ఎంజీబీ కానీ ట్రయంఫ్ టీఆర్ కానీ ఆస్టిన్ హీలీ కానీ, కొన్నేళ్ళు తిరిగాక 55-60 మైళ్ళ స్పీడ్ దగ్గర స్టీరింగ్ వణకడం మొదలవుతుంది. టైర్ షాపుకి తీసుకెళ్తే బ్యాలెన్స్ చేసి పంపిస్తారు, కొన్నాళ్ళు బానే ఉంటుంది, మళ్ళీ మొదలు. చాలామంది అక్కడితో విసిగిపోయి కొత్త వీల్స్ ఆర్డర్ పెట్టేస్తారు. ఆర్డర్ పెట్టేముందు ఒక వీకెండ్ ఆ చక్రం ముందేసుకుని కూర్చోండి, రిమ్ పగలకుండా, స్ప్లైన్స్ (చక్రం మధ్యలో ఉండే పళ్ళు) అరగకుండా ఉంటే ఈ ఔట్, అంటే రిమ్ వంకర, చాలావరకు ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. మన ఊళ్ళో సైకిల్ షాపాయన రిమ్ కి బెండు తీసే పనీ ఇదీ మూలంలో ఒకటే. ఇక్కడ పుల్లలు లావు, మోసే బరువు టన్ను, అందుకని జాగ్రత్త మాత్రం చాలా ఎక్కువ కావాలి.

నేను ఎంజీబీని పట్టుకుని చెప్తాను, ఎందుకంటే ఎక్కువమంది దగ్గర ఉండేది అదే, 1962 నుంచి 1980 దాకా తయారైంది, పార్టులు దొరుకుతాయి. దాని వీల్ 14 అంగుళాల స్టీల్ రిమ్, 60 స్పోకులు, మధ్యలో హబ్, దాని లోపలి పళ్ళే స్ప్లైన్స్, అవి కారు వైపు ఉన్న పళ్ళ హబ్ మీద కూర్చుంటాయి (రెండిటినీ హబ్ అనే అంటారు), పైన ఒకే ఒక్క పెద్ద నట్టు. జాగ్వార్ ఈ-టైప్ అయితే 15 అంగుళాలు, 72 స్పోకులు. లెక్కలు మారతాయి కానీ పని చేసే వరస మారదు.

పని మొదలెట్టే ముందు ఒక విషయం బుర్రలో పెట్టుకోవాలి, మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. స్పోకు బలం అంతా టెన్షన్ లో ఉంది. సన్నటి పుల్లని నిలబెట్టి పైనుంచి నొక్కితే వంగిపోతుంది, లాగితే మాత్రం ఎంతో బరువు ఆపుతుంది, అందుకే ఫ్యాక్టరీలో అన్నిటినీ గట్టిగా లాగి బిగించి ఉంచుతారు. కారు బరువు పడినప్పుడు కింద ఉన్న స్పోకుల టెన్షన్ కాస్త తగ్గుతుంది, చక్రం తిరిగితే మళ్ళీ పెరుగుతుంది. ముందే లూజుగా ఉన్న స్పోకు అయితే ప్రతి రౌండ్ లోనూ పూర్తిగా వదులైపోయి మళ్ళీ జెర్క్ తో లాగబడుతుంది, మైలుకి వందల సార్లు అదే జరిగితే హబ్ దగ్గర వంపులోనో, నిప్పల్ (స్పోకుని రిమ్ కి బిగించే చిన్న నట్టు) దగ్గర మర మొదలయ్యే చోటో పుటుక్కున తెగుతుంది. ఒకటి తెగితే దాని బరువు పక్కవాటి మీద పడుతుంది. కాబట్టి డయల్ గేజ్ (వంకర ఎంతో ముల్లుతో చూపించే మీటరు) లో సున్నా రావడం కన్నా స్పోకులన్నీ ఒకే టెన్షన్ లో ఉండటం నాకు ముఖ్యం. 1 మిల్లీమీటర్ ఔట్ ఉండి టెన్షన్ సమానంగా ఉన్న వీల్ ఏళ్ళ తరబడి నడుస్తుంది, గేజ్ లో సూటిగా కనపడుతూ టెన్షన్ హెచ్చుతగ్గులుగా ఉన్నది కొన్ని వందల మైళ్ళకే మళ్ళీ వంకర తిరుగుతుంది.

ముందు అసలు తప్పు వీల్ దేనా అని తేల్చుకోండి. కారుని గట్టి నేల మీద పెట్టి జాకీతో లేపి యాక్సిల్ స్టాండ్స్ మీద నిలబెట్టండి, ఒక్క జాకీ నమ్ముకుని కింద చేతులు పెట్టొద్దు. ముందు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ఆట ఉందంటే కింగ్ పిన్ (స్టీరింగ్ తిప్పితే ముందు చక్రం తిరిగే ఇరుసు) కానీ వీల్ బేరింగ్ కానీ, అది ముందు చూసుకోవాలి. తర్వాత ఒకళ్ళని బ్రేక్ తొక్కి పట్టుకోమని, మీరు చక్రాన్ని ముందుకీ వెనక్కీ తిప్పే ప్రయత్నం చేయండి, బ్రేక్ డిస్క్ కదలకుండా వీల్ ఒక్కటే కొంచెం కదిలి టక్ అంటే స్ప్లైన్స్ అరిగాయి అని అర్థం. గేర్ వేసి క్లచ్ వదిలినప్పుడు వెనకనుంచి టక్ మనే శబ్దం వచ్చేది కూడా ఎక్కువగా దీనివల్లే. నట్టు తీసి హబ్ మీద పళ్ళు చూడండి, బాగున్నవి పైన చదునుగా ఉంటాయి, అరిగినవి రంపం పళ్ళలాగా మొన తేలి ఉంటాయి. మొన తేలితే ఆ వీలూ ఆ హబ్బూ రెండూ పోయినట్టే, అరిగిన హబ్ మీద కొత్త వీల్ వేస్తే దాన్ని కూడా తినేస్తుంది, ఇంక స్పోకులు తిప్పి లాభం లేదు.

ఇవన్నీ బాగుంటే అప్పుడు వీల్ ని చేత్తో మెల్లగా తిప్పుతూ రిమ్ అంచు చూడండి. టైర్ వైపు చూడొద్దు, టైరే వంకరగా ఉండచ్చు, పాత టైర్లు ఒకే చోట నిలబడి చదునుపడి ఉండచ్చు. ఒక చెక్క ముక్కకి తీగ చుట్టి దాని కొన రిమ్ కి కొంచెం దూరంలో పెట్టి తిప్పినా కంటికే తెలిసిపోతుంది. బయటి అంచూ లోపలి అంచూ రెండూ చూడాలి. రెండూ ఒకే చోట ఒకే వైపుకి పోతుంటే రిమ్ ఔట్ అయింది, ఒక అంచు మాత్రమే పోతుంటే గుంతలో పడి ఆ అంచు నొక్కుకుపోయింది, అది డెంటు, స్పోకులతో పోదు. డెంటుని స్పోకులతో సరిచేద్దామని లాగితే చుట్టుపక్కల టెన్షన్ అంతా చెడిపోతుంది.

తర్వాత స్పోకుల్ని వినాలి, నా లెక్కలో ఈ పని మొత్తంలో గొప్ప భాగం ఇదే. చిన్న స్పానరో స్క్రూడ్రైవరో తీసుకుని ప్రతి స్పోకునీ ఒకదానికొకటి తగలని చోట మెల్లగా కొట్టండి. బాగున్నది టింగ్ మని మోగి కాసేపు నిలుస్తుంది, లూజుగా ఉన్నది టప్ మని చచ్చిపోతుంది. రెండు వరసలు ఉంటాయి కదా, ఒక వరసవి పొట్టివి, ఇంకో వరసవి పొడుగువి, వాటి స్వరం సహజంగానే వేరుగా ఉంటుంది కాబట్టి పొట్టివాటిని పొట్టివాటితోనూ పొడుగువాటిని పొడుగువాటితోనూ పోల్చాలి. చెవి మీద నమ్మకం లేకపోతే ఫోన్ లో గిటార్ ట్యూనర్ యాప్ పెట్టుకోండి, అది చూపించే నోట్ ఏంటన్నది అనవసరం, పక్కదానికీ దీనికీ తేడా ఎంత అన్నదే కావాలి. మరీ కీచుగా మోగేది కూడా జబ్బే, పక్కవి లూజైతే బరువంతా దాని మీద పడి అలా మోగుతుంది. లూజుగా దొరికిన ప్రతిదానికీ సుద్దతో గీత పెట్టండి, వెంటనే బిగించొద్దు.

గీతలు ఎలా పడ్డాయో చూస్తే వీల్ కథ తెలిసిపోతుంది. అక్కడొకటి ఇక్కడొకటి ఉంటే మామూలు వాడకం, ఇంట్లో అయిపోతుంది. నాలుగైదు వరసగా ఒకే చోట ఉంటే అక్కడ దెబ్బ తగిలింది, ఆ చోట రిమ్ లో నిప్పల్ బెజ్జాల చుట్టూ, హబ్ లో స్పోకు బెజ్జాల మధ్యలో, లైటు పెట్టి పగుళ్ళ కోసం వెతకండి. నిప్పల్ చుట్టూ ఎర్రటి తుప్పు కన్నీటి చారలాగా కిందికి దిగి ఉంటే అది లోపల కదులుతోందని గుర్తు. పగులు ఎంత సన్నగా కనపడినా ఆ వీల్ పక్కన పెట్టేయండి, వెల్డింగ్ చేయించి రోడ్డెక్కించొద్దు. ఎటు చూసినా లూజు, సగానికి సగం నిప్పల్స్ తుప్పుతో బిగుసుకుపోయాయి అంటే మొత్తం విప్పి కొత్త స్పోకులతో కట్టాల్సిందే, అది వైర్ వీల్స్ మాత్రమే చేసే షాపులకి పంపించడం మంచిది, వాళ్ళ దగ్గర దానికి తగ్గ జిగ్ (చక్రాన్ని సరిగ్గా పట్టి ఉంచే చట్రం) ఉంటుంది.

ఇంక వీల్ విప్పడం. మధ్య నట్టుకి రెండు చెవులున్నది అయితే రాగి సుత్తితోనో సీసం సుత్తితోనో కొట్టాలి, ఇనప సుత్తి వేస్తే చెవులు పాడవుతాయి, కళ్ళకి గాగుల్స్ పెట్టుకోండి. అమెరికాలో అమ్మినవాటికి 1968 నుంచి బయటికి పొడుచుకొచ్చే చెవులు ఉండకూడదని రూల్ వచ్చింది కాబట్టి ఎనిమిది మూలల నట్టు ఉంటుంది, దానికి సరిపోయే పెద్ద స్పానర్ కావాలి. తిప్పే వైపు జాగ్రత్త, కారు ఎడమ వైపు మామూలు మర, కుడి వైపు ఎడమ మర. గుర్తు పెట్టుకోవడానికి తేలిక దారి ఏంటంటే కారు ముందుకి వెళ్తే చక్రం ఎటు తిరుగుతుందో అటు తిప్పితే నట్టు ఊడుతుంది, వెనక్కి తిప్పితే బిగుస్తుంది, రెండు వైపులా ఇదే. రీస్టోర్ చేసిన కార్లలో ఎవరో హబ్స్ అటుదిటు ఇటుదటు వేసేసిన సందర్భాలుంటాయి, అలా ఉంటే నడుస్తుండగానే నట్టు వదులైపోతుంది, కారు కొత్తగా కొన్నవాళ్ళు ఇది మొదటి రోజే చూసుకోవాలి.

టైర్ తీసేసి చేయండి. టైర్ ఉండగా కొంచెం పక్కకి లాగడం వరకు కుదురుతుంది కానీ నిప్పల్ బిగించే కొద్దీ స్పోకు కొన లోపల నిప్పల్ దాటి బయటికి వస్తుంది, ట్యూబ్ కి గుచ్చుకుంటుంది, ఈ పాత వీల్స్ నిప్పల్ బెజ్జాల గుండా గాలి పోతుంది కాబట్టి ట్యూబ్ తప్పనిసరి. టైరూ, ట్యూబూ, లోపలి రబ్బర్ బ్యాండూ మూడూ తీసేయండి, అప్పుడు తుప్పు ఎంత ఉందో లోపలినుంచి కూడా కనపడుతుంది.

ముందు రోజు రాత్రే ప్రతి నిప్పల్ కీ పెనెట్రేటింగ్ ఆయిల్ పట్టించండి, స్పోకు నిప్పల్ లోకి వెళ్ళే చోట ఒక చుక్క, రిమ్ లోపలి వైపు నిప్పల్ తల దగ్గర ఒక చుక్క, నిప్పల్ రిమ్ మీద కూర్చునే చోట ఇంకో చుక్క. మూడో చోటు చాలామంది వదిలేస్తారు, నిప్పల్ రిమ్ కి పట్టేసి ఉంటే మర ఎంత బాగున్నా తిరగదు. చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లే ఊళ్ళలో తిరిగిన కారు అయితే రెండు మూడు రాత్రులు ఇలాగే పట్టించాలి. పెయింట్ వేసిన వీల్స్ కి మరలోకి పెయింట్ దిగి ఉంటుంది, వైర్ బ్రష్ తో గీకేయండి, క్రోమ్ వాటి మీద మాత్రం వైర్ బ్రష్ పెట్టొద్దు. నిప్పల్ తిప్పడానికి దాని సైజుకి సరిగ్గా పట్టే స్పోక్ కీ కావాలి, వెర్నియర్ తో నిప్పల్ చదును భాగం కొలిచి కొనుక్కోండి. అడ్జస్టబుల్ స్పానర్ తో తిప్పితే మూలలు గుండ్రంగా అయిపోతాయి, తర్వాత దాన్ని ఏదీ పట్టదు.

వీల్ ని తిప్పి చూడ్డానికి స్టాండ్ ఎక్కడో వెతకక్కర్లేదు, కారు ముందు హబ్బే మంచి స్టాండ్. ఎంజీబీకి ముందు డిస్క్ బ్రేక్ కాబట్టి క్యాలిపర్ కి ఉన్న స్ప్లిట్ పిన్స్ తీసి ప్యాడ్స్ బయటికి లాగేస్తే హబ్ తేలిగ్గా తిరుగుతుంది. ప్యాడ్స్ లేనప్పుడు బ్రేక్ పెడల్ ఎవరూ తొక్కకూడదు, స్టీరింగ్ మీద ఒక చీటీ అంటించండి. బేరింగ్ ఆట లెక్క ప్రకారం ఉందో లేదో చూసుకోండి, ఎంజీబీకి 0.002 నుంచి 0.004 అంగుళం, అంతకన్నా ఎక్కువుంటే గేజ్ చెప్పేది నమ్మలేం. హబ్ మీదా వీల్ లోపలా ఉన్న పాత గ్రీజు, ఇసుక అంతా తుడిచేయండి, ఎందుకంటే వీల్ ని సెంటర్ చేసేవి స్ప్లైన్స్ కావు, లోపల హబ్ మీద ఒక ఏటవాలు అంచు, బయట నట్టు మీద ఇంకో ఏటవాలు అంచు, ఆ రెండు టేపర్ల మధ్య వీల్ ఇరుక్కుని కూర్చుంటుంది. మధ్యలో ఇసుక రేణువు ఉన్నా వీల్ వంకరగా కూర్చుంటుంది, మీరు ఆ వంకరకి స్పోకులు తిప్పుతూ కూర్చుంటారు. వీల్ పెట్టే ముందు డయల్ గేజ్ ని హబ్ టేపర్ మీద పెట్టి ఒకసారి తిప్పి చూడండి, హబ్బే ఊగుతుంటే ముందు దాని సంగతి తేల్చాలి. తర్వాత వీల్ ఎక్కించి నట్టు గట్టిగా బిగించి, మ్యాగ్నెటిక్ బేస్ తో గేజ్ నిలబెట్టండి.

వాల్వ్ బెజ్జాన్ని సున్నా అనుకుని రిమ్ మీద సుద్దతో ఎనిమిది భాగాలు గీసి నంబర్లు వేయండి. హబ్ ముందు చివరకి, అంటే బయట నట్టు ఉన్న వైపుకి, వెళ్ళే స్పోకులకి ఒక రంగు టేపు, వెనక చివరకి వెళ్ళేవాటికి ఇంకో రంగు. ఇది టైమ్ వేస్ట్ అనిపిస్తుంది కానీ గంట గడిచాక ఏది ఎటు లాగుతుందో అయోమయం అయినప్పుడు ఇదే కాపాడుతుంది. సూత్రం తేలికే, స్పోకు తన హబ్ చివర ఎటు ఉందో రిమ్ ని అటు లాగుతుంది. ముందు చివరవి బిగిస్తే రిమ్ బయటికి వస్తుంది, వెనక చివరవి బిగిస్తే లోపలికి పోతుంది, రెండూ సమానంగా బిగిస్తే ఆ చోట రిమ్ హబ్ వైపుకి దిగుతుంది. నిప్పల్ తిప్పే వైపు కూడా చూసుకోండి, టైర్ వైపు నుంచి అంటే రిమ్ బయటినుంచి హబ్ వైపు చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు బిగింపు. హబ్ వైపు నుంచి రిమ్ కేసి చూస్తే అది తిరగబడుతుంది, చక్రం కింది భాగంలో పని చేసేటప్పుడు అందరూ తికమక పడేది ఇక్కడే, అందుకని పని ఉన్న చోటుని ఎప్పుడూ పైకి తిప్పుకుని చేయండి.

ముందు ఎత్తుపల్లాలు, తర్వాత పక్కకి ఊగడం. ఈ వరస మార్చొద్దు, ఎత్తుపల్లం సరిచేసేటప్పుడు పక్క ఔట్ ఎలాగూ మారుతుంది.

గేజ్ ని టైర్ బీడ్ (టైర్ లోపలి గట్టి అంచు) కూర్చునే భాగం మీద పైనుంచి ఆనించి మెల్లగా తిప్పండి, ఎక్కడ ఎత్తు ఎక్కడ పల్లం రాసుకోండి. ఎత్తుగా ఉన్న చోట మధ్యలోని స్పోకులకి రెండు వరసలవీ సమానంగా అర చుట్టు బిగించి, అటూ ఇటూ ఉన్నవాటికి పావు చుట్టు ఇవ్వండి. ఒక్క స్పోకునే పట్టుకుని రెండు చుట్లు తిప్పితే అక్కడ రిమ్ సొట్ట పడుతుంది. పల్లంగా ఉన్న చోట అదే లెక్కలో వదలండి. బిగించేది ఎంతో వదిలేది కూడా సుమారుగా అంతే ఉండాలి, లేకపోతే మొత్తం వీల్ టెన్షన్ పెరుగుతూనే పోతుంది. ఒక రౌండ్ అయ్యాక మళ్ళీ కొలవండి. మొదటి రౌండ్ లో సగం తగ్గితే చాలు, తొందర పడి ఒకేసారి సున్నా చేద్దామనుకుంటే ఇంకో చోట లేస్తుంది.

నిప్పల్ తిప్పుతున్నారు కదా, నిజంగా మర మీద తిరుగుతోందా, స్పోకునే మెలిపెడుతోందా అన్నది చేతికి తెలియదు. దీనికి ఒక ఉపాయం ఉంది. నిప్పల్ కి రెండు అంగుళాల కింద స్పోకు మీద చిన్న టేపు ముక్క జెండాలాగా అంటించండి. కీ తిప్పినప్పుడు జెండా కదలకపోతే మర తిరుగుతున్నట్టు, జెండా కూడా వెంట తిరిగితే స్పోకు మెలిపడుతున్నట్టు. కొద్దిగా తిరిగి ఆగితే పర్లేదు, పావు చుట్టు కావాలంటే దానికి కాస్త ఎక్కువ తిప్పి, జెండా మొదట ఉన్న చోటికి వచ్చేదాకా వెనక్కి తేవాలి. అలా వెనక్కి తేకుండా వదిలేస్తే రోడ్డు మీద ఆ మెలి విడిపోయి మీరు చేసిందంతా పోతుంది. జెండా ఆగకుండా తిరుగుతూనే ఉంటే ఆపేయండి, మళ్ళీ ఆయిల్, మళ్ళీ రాత్రంతా. అలా బిగుసుకున్న నిప్పల్ ని బలవంతంగా తిప్పితే స్పోకు మర దగ్గర విరుగుతుంది. విరిగినా మరీ కంగారు పడక్కర్లేదు, టైర్ ఎలాగూ తీసే ఉంది, అదే పొడుగు అదే వంపు ఉన్న కొత్త స్పోకూ నిప్పలూ వేసి పక్కదాని స్వరం దాకా తెచ్చుకోవచ్చు. కొత్తది స్టెయిన్‌లెస్ అయితే మరకి యాంటీ సీజ్ పేస్ట్ రాయండి, స్టెయిన్‌లెస్ మరలు పొడిగా ఉంటే ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి.

ఎత్తుపల్లం 1.5 మిల్లీమీటర్ల లోపు వచ్చాక గేజ్ ని రిమ్ పక్కకి మార్చండి. రిమ్ ఏ చోట బయటికి వచ్చిందో అక్కడ ముందు చివర స్పోకులు పావు చుట్టు వదిలి, వెనక చివరవి పావు చుట్టు బిగించండి. ఎప్పుడూ వదలడం ముందు, బిగించడం తర్వాత. ఇలా జంటగా చేస్తే ఇందాక కష్టపడి తెచ్చిన గుండ్రం పెద్దగా చెడదు. లోపలికి పోయిన చోట దీనికి తిరగేసి. పక్క ఔట్ తగ్గాక మళ్ళీ పైన గేజ్ పెట్టి ఎత్తుపల్లం చూడండి, కొంచెం మారి ఉంటుంది, మళ్ళీ ఇటు, మళ్ళీ అటు, ప్రతిసారీ తక్కువ తిప్పుతూ. మధ్యమధ్యలో స్పానర్ తో కొట్టి వింటూ ఉండాలి, గేజ్ బాగుందని సంతోషపడే లోపు ఒక చోట స్పోకులు చచ్చు శబ్దం ఇస్తుంటే అక్కడ రిమ్మే వంగి ఉంది, స్పోకుల బలంతో లాగి సూటిగా కనపడేలా పెట్టారు అంతే. అలాంటి చోట నేనైతే గేజ్ లో అర మిల్లీమీటర్ వదిలేసి టెన్షన్ సమానం చేస్తాను. రోడ్డు మీద నడిపే కారుకి రెండు కొలతలూ 1.5 మిల్లీమీటర్ల లోపు ఉంటే చాలు, 1 లోపు వస్తే చాలా బాగా చేసినట్టు.

ఇంకో కొలత ఉంది, దాన్ని మర్చిపోతే వీల్ గుండ్రంగా సూటిగా ఉండి కూడా ఫెండర్ కి టైర్ రాసుకుంటుంది. రిమ్ మొత్తం హబ్ తో పోలిస్తే ఎంత లోపలికి ఎంత బయటికి ఉంది అన్నది. వీల్ ని బోర్లా పడుకోబెట్టి లోపలి అంచు మీద అడ్డంగా సూటి ఇనప బద్ద పెట్టి, దాని నుంచి హబ్ లోపలి ముఖం దాకా స్కేల్ తో కొలవండి. ఈ కొలత మోడల్ ని బట్టి, రిమ్ వెడల్పుని బట్టి మారుతుంది, కాబట్టి మిగతా మూడు వీల్స్ కీ స్టెప్నీకీ కూడా కొలిచి ఇది వాటితో కలుస్తుందో లేదో చూడండి. తేడా ఉంటే ఒక వరస మొత్తం పావు చుట్టు వదిలి, రెండో వరస మొత్తం పావు చుట్టు బిగించాలి, ఏ స్పోకునీ వదలకుండా వాల్వ్ నుంచి వాల్వ్ దాకా.

అన్నీ కుదిరాయి అనుకున్నాక స్పోకుల్ని ఒకసారి సర్దుకోనివ్వాలి. వంపులు హబ్ బెజ్జాల్లో, నిప్పల్ తలలు రిమ్ లో ఇంకా పూర్తిగా కూర్చుని ఉండవు. ఒకదానికొకటి పక్కగా వెళ్ళే స్పోకుల మధ్య సుత్తి చెక్క పిడి పెట్టి మెల్లగా మెలితిప్పినట్టు ఒత్తిడి ఇవ్వండి, వంగేంత కాదు. తర్వాత వీల్ ని హబ్ కింద చెక్క దిమ్మ వచ్చేలా పడుకోబెట్టి ఎదురెదురు చోట్ల రిమ్ మీద రెండు చేతులూ వేసి శరీరం బరువుతో నొక్కుతూ చుట్టూ రండి, తిరగేసి మళ్ళీ. పింగ్ పింగ్ మని చిన్న శబ్దాలు వస్తాయి, అవి రావాల్సినవే. మళ్ళీ హబ్ మీదకి ఎక్కించి కొలవండి, కొద్దిగా మారి ఉంటుంది, సరిచేసి మళ్ళీ నొక్కండి, శబ్దాలు రావడం ఆగి కొలత మారకుండా ఉండేదాకా. ఇది చేయకుండా టైర్ వేసేస్తే ఇదే పని రోడ్డు చేస్తుంది, ఔట్ మళ్ళీ మొదటికి వస్తుంది.

టైర్ వేసే ముందు రిమ్ లోపల వేలితో తడమండి, నిప్పల్ తల దాటి బయటికి వచ్చిన స్పోకు కొనల్ని ఆకురాయితోనో చిన్న గ్రైండర్ తోనో తల లెవెల్ కి అరగదీసి, ఇనప పొడి అంతా శుభ్రంగా ఊడ్చేయండి. గోకినచోట్ల తుప్పు పట్టకుండా పెయింట్ వేసి, కొత్త రబ్బర్ బ్యాండ్ వేయండి, పాతది చూడ్డానికి బాగున్నా మార్చేయడమే మంచిది. ట్యూబ్ టైర్ సైజుకి సరిపోయేదే తీసుకుని, దానికి కాస్త ఫ్రెంచ్ చాక్ (టాల్కమ్ లాంటి మెత్తటి పొడి) పూసి ఎక్కించండి.

బ్యాలెన్స్ కి వెళ్ళినప్పుడు షాపులో మీరు పక్కన నిలబడాలి. మామూలు అల్లాయ్ వీల్ లాగా మధ్య బెజ్జంలో కోన్ పెట్టి బిగిస్తే అది స్ప్లైన్స్ పళ్ళ మీద కూర్చుంటుంది, వీల్ వంకరగా తిరుగుతుంది, మిషన్ చెప్పే లెక్క అంతా తప్పు. లోపలి టేపర్ నీ బయటి టేపర్ నీ పట్టుకునే అడాప్టర్ ఉందా అని ముందే ఫోన్ చేసి అడగండి. లేకపోతే ఇంట్లో ముందు హబ్ మీదే ప్యాడ్స్ తీసి, వీల్ ని వదిలేసి, బరువు ఉన్న వైపు కిందికి వచ్చి ఆగుతుంది కదా, దానికి ఎదురుగా బరువులు అంటిస్తూ ఎక్కడ వదిలితే అక్కడే నిలబడేదాకా చేసుకోవచ్చు.

తిరిగి కారుకి ఎక్కించేటప్పుడు స్ప్లైన్స్ కీ టేపర్లకీ మరకీ గ్రీజు పల్చగా పూయాలి, పొడిగా వేస్తే స్ప్లైన్స్ అరుగుతాయి, తర్వాత వీల్ ఊడి రాదు కూడా. ముందు చక్రాలకైతే ప్యాడ్స్, స్ప్లిట్ పిన్స్ వెనక్కి పెట్టి, పెడల్ గట్టిపడేదాకా తొక్కాక, ఒకళ్ళని బ్రేక్ పట్టుకోమని చక్రం గాల్లో ఉండగానే నట్టు బిగించండి. నేల మీద కారు బరువు ఉండగా బిగిస్తే వీల్ టేపర్ మీదకి సరిగ్గా ఎక్కదు.

కిట్ కార్లలో, స్టీల్ వీల్స్ తీసి వైర్ వీల్స్ కి మార్చిన కార్లలో, స్ప్లైన్ హబ్ అడాప్టర్ లాగా నాలుగు స్టడ్స్ మీద బోల్ట్ చేసి ఉంటుంది. అక్కడ ఔట్ వస్తే ముందు అడాప్టర్ విప్పి చూడండి. స్టడ్స్ పొడుగ్గా వదిలేసి ఉంటే, లేదా పొట్టి నట్ల బదులు మామూలువి వేసి ఉంటే, వీల్ లోపల వాటికి తగిలి టేపర్ దాకా వెళ్ళదు. అడాప్టర్ వెనక తుప్పు పొర ఉన్నా వంకర కూర్చుంటుంది. ఎంజీబీలో వైర్ వీల్స్ కోసం చేసిన వెనక యాక్సిల్ స్టీల్ వీల్స్ దాని కన్నా పొట్టిది, కాబట్టి మామూలు యాక్సిల్ కి అడాప్టర్ వేసిన కారులో టైర్ ఫెండర్ కి తగులుతుంటే స్పోకులు ఎంత తిప్పినా అది పోదు.

మొదటి 50 మైళ్ళ తర్వాత నట్టు మళ్ళీ ఒకసారి గాల్లో లేపి బిగింపు చూడండి, అప్పుడే స్పోకులన్నీ ఒకసారి మోగించి వినండి. 500 మైళ్ళకి ఇంకోసారి. అప్పటికి ఒకటో రెండో కొంచెం మెత్తబడి ఉంటే పావు చుట్టు చాలు, ఇదివరకు లూజై మీరు బిగించిన స్పోకే మళ్ళీ లూజైతే మాత్రం టైర్ తీసి ఆ నిప్పల్ కింద రిమ్ చూడండి, అక్కడ పగులు ఉండే అవకాశం ఎక్కువ. నాలుగూ అయ్యాక డిక్కీలో ఉన్న స్టెప్నీని కూడా ఇదే వరసలో చేసి పెట్టండి, ఏళ్ళ తరబడి డిక్కీ తేమలో పడి ఉంటుంది కాబట్టి నిప్పల్స్ ముందుగా పట్టేసేది దానికే.